పాచిక పడ్డాక

ఒక్క మాటలో చెప్పమనే మనుషులంటే నాకు మొదట్నుంచీ మంట. ఒక్క మాటలో తేలిపోయేదైతే దాని కోసం నా శనివారాలన్నీ ఎందుకు ధారపోస్తాను? అయినా చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆ ఒక్క మాటే వెతుక్కుంటూ పాలమూరు వైపు తిరిగొచ్చాను. ఏం దొరికిందని అడిగిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

హైదరాబాదులో మా ఇంట్లో శనివారం సాయంత్రాలు నలుగురైదుగురం బల్ల చుట్టూ చేరతాం. ఒకరు సందర్భం చెబుతారు. "మీరు కొండ కింద ఉన్నారు. గుహలోంచి పొగ వస్తోంది" అంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషి అవుతారు. ఒకరు దొంగ, ఒకరు వైద్యురాలు, ఒకరు కొలువు వదిలి పారిపోయొచ్చిన సిపాయి. "ఇప్పుడేం చేస్తారు?" అని అడిగితే తన మనిషి ఏం చేస్తాడో ఎవరికి వారు చెప్పాలి. ఆ పని అవుతుందో కాదో అనుమానమైతే పాచిక వేస్తాం, పెద్ద అంకె పడితే అయినట్టు, చిన్నదైతే కానట్టు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అని దీనికి రైలంత పేరుంది. పేరు పొడుగైతే అర్థం తెలుస్తుందనుకోవడం మన భ్రమ.

సునంద మా వీధి హాస్టల్లో ఉన్నప్పుడు మూడేళ్ళు మాతో ఆడింది. అచ్చంపేటలో గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చి సొంతూరు వెళ్ళాక, అక్కడి కమ్యూనిటీ హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఈ ఆట మొదలుపెట్టింది. ఆడేది తను, వాళ్ళ చిన్నమ్మ ఎస్తేరు, మరో ఇద్దరు ఆడవాళ్ళు కమల, అలివేలు. ఈ ముగ్గురూ ఏళ్ళ తరబడి వలస పనులకు వెళ్ళొచ్చినవాళ్ళు. ఒకరోజు సునంద ఫోన్ చేసింది.

"లలితక్కా, హాల్ తాళం పోయేటట్టున్నది. పాచికలు జూసి జూదమంటుండ్రు. హాలు చూసుకునే బాలయ్య మామ ఈ ఆదివారం వస్తడంట. గదేం ఆటనో ఒక్క మాటల చెప్పుండ్రి, సమజైతె ఉంచుత, లేకుంటె తాళం తీస్కుంట అన్నడు. నాకు చెప్పరాదు. నువ్వే రావాలె."

"ఇంకో చోటు చూసుకోకూడదూ?"

"యాడ? ఇండ్లల్ల కూసుంటె మగోళ్ళు చాయ పెట్టుమంటరు. చిన్నమ్మకు వారం మొత్తంల ఆమె మాట నడిచేది గా రెండు గంటలే అక్కా."

ఆ చివరి మాటతో నా దగ్గర ఉన్న సాకులన్నీ అయిపోయాయి.

గద్వాల

అచ్చంపేట వెళ్ళడానికి గద్వాల మీదుగా పోవడమంటే తల చుట్టూ చేయి తిప్పి ముక్కు పట్టుకోవడమే. తప్పు మా అమ్మది. కాకినాడ నుంచి ఫోన్‌లో "ఎలాగూ అటే వెళ్తున్నావుగా, చెల్లి నిశ్చితార్థానికి గద్వాల చీర పట్రా" అంది. మా అమ్మకు కాకినాడ అవతలి లోకమంతా ఒకటే వీధి.

పొద్దున్నే రైలు దిగి బస్టాండు పక్కన ఒగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు, అదే మరమరాలకు, పోపేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిర్చి బజ్జీలు పెట్టి ఇస్తారు. నలభై రూపాయలు. మా వైపు బొరుగులంటే పిడతకింద పప్పులో కలపడానికే, పొద్దున్నే ఫలహారంగా తినమంటే అలుగుతారు. నేను అలగలేదు, రెండో ప్లేటు తిన్నాను. బండి ఆయన ఒకరిని తెలుగులో, ఇంకొకరిని కన్నడంలో కోప్పడుతున్నాడు. బజ్జీ మాత్రం రెండు భాషల వాళ్ళకీ ఒకటే కారం.

కోట గోడ అవతల సందులో ఓ నేత ఇల్లు. వాకిట్లోనే "బర్రి అక్కా, బర్రి" అని కన్నడంలో రమ్మని పిలుపు. ఇంటావిడ పేరు శంకరమ్మ. ఒళ్ళు నూలు, అంచు పట్టు, ఆ రెండింటినీ పోగుకు పోగు కలుపుతూ నేసే చీర అది. మగ్గం మీద ఆమె భర్త, పక్కన ఆమె. బేరం మధ్యలో నా ప్రయాణం సంగతి అడిగింది. మొదటి నిర్వచనం పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాను.

"అందరూ కలిసి కథ అల్లే ఆట" అన్నాను గొప్పగా.

"కథ ముందుగాల ఎవరికి ఎరుక?"

"ఎవరికీ తెలియదు."

శంకరమ్మ మగ్గం పైన వేలాడుతున్న చిల్లుల అట్టల దండ చూపించింది. "మాకు గీ అట్టలల్ల డిజైను ముందే ఉంటది. డిజైను లేకుంట ఇద్దరం చెరో దిక్కు నేస్తె అది చీరైతదా?"

"కొన్నిసార్లు అవుతుంది" అన్నాను.

"కొన్నిసార్లయ్యే చీరను ఎవరు కొంటరు?" అని నవ్వి, నేను అడిగిన ధరకు రెండు వందలు ఎక్కువ చెప్పి, అదే ధరకు అమ్మేసింది. మా ఆటలో చీర మిగలదని ఆమెకు చెప్పాల్సింది. మిగిలేది ఆడినవాళ్ళకు జ్ఞాపకం, బల్ల మీద టీ మరకలు. ఈ సమాధానం నాకు ఆటోలో తట్టింది. నాకెప్పుడూ సమాధానాలు ఆటోలోనే తడతాయి.

వనపర్తి

వనపర్తిలో రాజుగారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. దర్బారు మెట్ల మీద పిల్లలు కూర్చుని ఫోన్లలో రీళ్ళు చూసుకుంటున్నారు. ఇంతకంటే మంచి వాడకం ఏ రాజభవనానికీ ఉండదని నా అభిప్రాయం.

మధ్యాహ్నం ఓ చిన్న మెస్‌లో భోజనం చేశాను. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల పచ్చడి, గిన్నెడు మజ్జిగ కలిపి ఎనభై రూపాయలు. పుంటికూరంటే మా గోంగూరే. మేం దాన్ని నూనెలో ముంచి ఊరగాయ చేసి గొప్పలు పోతాం, వీళ్ళు ఏ గొప్పా లేకుండా పప్పులో వేసుకుని రోజూ తింటారు. నాకు రొట్టె రెండు వేళ్ళతో తుంచడం చేతకాక రెండు చేతులా చింపుతుంటే, మెస్ యజమాని చెన్నయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళల్లో భాగవతాలు ఆడాడట. ఇంకేం, రెండో నిర్వచనం తీశాను.

"మాది కూడా నాటకం లాంటిదే అన్నా."

చెన్నయ్య మొహం వెలిగిపోయింది. "రంగు పూసుకుంటరా?"

"లేదు."

"పద్యాలుంటయా?"

"ఉండవు."

"పోనీ, చూసెటోళ్ళు ఎంతమందొస్తరు?"

"చూసేవాళ్ళు ఉండరన్నా. ఉన్నవాళ్ళందరూ ఆడేవాళ్ళే."

ఆయన లేచి నా పళ్ళెంలో మరో రొట్టె వేశాడు, జాలితో. "చూసెటోళ్ళు లేకుంటె నాటకమేంది అమ్మా? నేను రాజు వేషం కట్టి లేస్తె ముందటి వరుసల ముసలోళ్ళు దండం పెడ్తుండె. ఎవ్వరు చూడకుంట రాజువైతె ఏం ఫాయిద?"

"చూడకపోతేనే బాగుంటుంది అన్నా. తప్పుగా మాట్లాడినా ఎవరూ ఈల వెయ్యరు. రాజు భయపడొచ్చు, ఏడవొచ్చు, సింహాసనం వద్దని ఇంటికి పోవొచ్చు."

"రాజు ఇంటికి పోతె మరి మిగిలిన రాత్రంత ఏం ఆడాలె?" అన్నాడు చెన్నయ్య. న్యాయమైన ప్రశ్నే. అలా ఇంటికి పోయిన రాజుతోనే మా బల్ల దగ్గర వారాల తరబడి ఆట నడిచిందని చెబితే నమ్మడని ఊరుకున్నాను. మా అత్త వంటలో తప్పు పట్టినప్పుడు కూడా నేనింత గౌరవంగా ఊరుకోలేదు.

పెద్దమందడి, అనుకోకుండా

నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కాననుకున్నాను. చెన్నయ్యకు చెప్పాల్సిన జవాబులు మనసులో చెప్పుకుంటూ బోర్డు చూసుకోలేదు. కండక్టరు టికెట్ కొడుతూ "పెద్దమందడి పోతది గీ బస్సు" అన్నప్పుడు ఊరు దాటేశాం. పెద్దమందడిలో దిగి తిరుగు బస్సు కోసం షెల్టర్‌లో కూలబడ్డాను. చుట్టూ వేరుశనగ చేలు, పీకిన కట్టల వాసన.

పక్కన నాగమ్మ అనే రైతు మనిషి కూర్చుని ఉంది. కౌలు భూమి. ఒళ్ళో కొంగు నిండా పచ్చి పల్లీలు. నేను అడక్కుండానే నా చేతిలో గుప్పెడు పోసి, ఎవరు, ఎక్కడ, పెళ్ళైందా, పిల్లలెందరు అన్నీ అడిగేసింది. మా వైపు ఈ వివరాలు రాబట్టడానికి కనీసం రెండు కాఫీలు ఖర్చుపెడతారు. చివరికి ఆట దగ్గరికొచ్చాం. నిర్వచనాల మీద విసుగెత్తి, ఈసారి ఆడే తీరు ఉన్నదున్నట్టు చెప్పాను.

"గెలిస్తె ఏమొస్తది?"

"గెలవడం ఉండదు."

"ఓడిపోతె?"

"అదీ ఉండదు."

"ఎందుకు ఆడుతరమ్మా మరి?" అని పడీ పడీ నవ్వింది. నవ్వి, పల్లీ ఒలుస్తూ తనే ఆలోచించింది. "మాకు బోరు ఏసినప్పుడు గట్లనే ఉంటది. అరచేతిల కొబ్బరికాయ పెట్టుకోని చేనంత తిరుగుతడు పాయింట్ చూసెటోడు. కాయ నిలబడ్డ తాన ఏస్తం. పడ్తె నీళ్ళు, లేకుంటె దుబ్బ."

"వట్టి దుమ్మే పడితే?"

"ఏం జేస్తం, పరేషానైతం. ఇంటికి పోయి బువ్వ తిని, మల్ల ఇంకో తాన సూస్తం." ఒలిచిన పల్లీ నోట్లో వేసుకుని, "గాని అది ఆట గాదు బిడ్డా. నీది నచ్చకుంటె లేసి పోవచ్చు. మాకు లేసిపోతందుకు లేదు" అంది.

జీవితమే ఒక ఆట అని ఎవరైనా అంటే నాకు అప్పట్నుంచీ నాగమ్మ గుర్తొస్తుంది. కాదు. ఆటంటే మధ్యలో లేచి వెళ్ళిపోగలిగేది. ఈ ముక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాను. తిరుగు బస్సు వచ్చేసరికి నా హ్యాండ్‌బ్యాగులో కాగితాల కంటే పల్లీలే ఎక్కువున్నాయి.

నాగర్‌కర్నూల్

నాగర్‌కర్నూల్‌లో ఎక్కిన అచ్చంపేట బస్సులో పల్లీల కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను. పల్లీలతో పాటు పాచికల సంచి కూడా బయటికొచ్చి, మూతి ఊడి, రంగురంగుల పాచికలన్నీ బస్సులో కిందంతా దొర్లాయి. మా పాచికలు మామూలువి కావు. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, అన్నిటికంటే పెద్దది ఇరవై ముఖాలది, ఎర్రగా మెరుస్తుంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా అవి డ్రైవరు వైపు పరిగెత్తాయి, బస్సు ఎత్తెక్కినప్పుడు వెనక్కి వచ్చాయి. జనం కాళ్ళెత్తి, వంగి, ఏరి, భక్తిగా తెచ్చిచ్చారు. ఆ భక్తి ఎందుకో నాకు అర్థం కాలేదు.

పక్క సీటు పెద్దావిడ గొంతు తగ్గించి అడిగింది. "రంగురాళ్ళు చూసి చెప్తవా అమ్మా? మా చిన్నోనికి నౌకరొస్తదా?"

వెనక సీటాయన చేయి ముందుకు చాచేశాడు. ఇంకొకాయన పొలం సర్వే సంగతి. జోస్యం చెప్పే అవకాశం జీవితంలో ఒక్కసారే ఇలా నడిచొస్తుంది, వదులుకోవడానికి చాలా నిగ్రహం కావాలి. "ఇవి జరగబోయేది చెప్పవమ్మా, ఆటకు" అన్నాను.

"తెలుసు గాని చెప్తలేదు" అని పెద్దావిడ వెనకాయనతో అంది. అచ్చంపేట వచ్చేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం "మా చిన్నోని పేరు రాజు. జర యాదిల పెట్టుకో" అంది.

అచ్చంపేట

సునంద బస్టాండులో ఎదురుచూస్తోంది. ఇన్నేళ్ళ పరిచయంలో ఆమె గోళ్ళు కొరకడం నేను చూసింది అదే మొదలు. సాయంకాలం స్కూటీ మీద, అడవి మొదలయ్యే మన్ననూర్ దాకా తీసుకెళ్ళింది. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి వివరాలు రాసుకున్నారు. అడవిలో హారన్ కొట్టకూడదు, ప్లాస్టిక్ పారెయ్యకూడదు, దారిలో దిగి తిరగకూడదు, పులులుండే చోటు. గేటు దగ్గరే టీ తాగి వెనక్కి తిరిగాం.

"మా ఆటల అడవొస్తె చాలు అక్కా," అంది సునంద, "అలివేలు ముందుగాల ఫారెస్టోళ్ళ పర్మిషన్ ఉన్నదా అంటది. నేను ఇది రాజుల కాలమే, ఫారెస్టోళ్ళు లేరే అంటె, రాజుగారి పర్మిషనే తెమ్మంటది. కేసైతె ఎవరు తిరగాలె అంటది."

ఎస్తేరమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. యాభై దాటిన మనిషి, తక్కువ మాట. ఏమడిగినా "సరే బిడ్డా" అనేది. ఇరవై ఏళ్ళు మేస్త్రీల దగ్గర "సరే" తప్ప ఇంకో మాట అవసరం పడలేదట. ఆటలో మాత్రం ఆమె ఓ కోటకు సేనాపతి అట. గుర్రం పేరు చుక్క. ఆ గుర్రం గురించి అడిగితే ఎస్తేరమ్మ చాట పక్కన పెట్టి, దాని రంగు, దాని తిక్క, కట్టెయ్యకపోయినా అది పారిపోకపోవడం అన్నీ చెప్పింది. చెప్పాక సిగ్గుపడి మళ్ళీ చాట తీసుకుంది.

"రేపు బాలన్నకు సమజయ్యెటట్లు చెప్పు బిడ్డా" అంది. నాకు భయం వేసింది. మొదటిసారి, నిజంగా.

ఆదివారం

చర్చి అయ్యాక, భోజనాలయ్యాక హాలు తీశారు. బాలయ్య ముందే వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తెల్లచొక్కా, భుజం మీద తువ్వాల. ఒకప్పుడు ఈయన కూడా కూలీల గుంపును పనికి తీసుకుపోయిన మేస్త్రీయేనని సునంద చెప్పింది. నేను లేచి, ఊరూరా తిరిగి సానబెట్టిన నా నిర్వచనం వినిపించాను. "పాత్రలను స్వీకరించి, ఊహించిన పరిస్థితుల్లో, సంభాషణ ద్వారా, గెలుపోటములు లేకుండా, ప్రేక్షకులు లేకుండా..."

ఆయన మర్యాదగా ఆఖరిదాకా విన్నాడు. "అయిపోయిందామ్మా?" అన్నాడు. "సమజ్ కాలే. ఆడుండ్రి, సూస్త. గాని పాచికలు గుంజుకపోయినయి ఎన్ని ఇండ్లో నాకెరుక. నేను ముట్ట."

ఆడదాం, తప్పేదేముంది. సందర్భం చెప్పేది నేను. కొండ మీద పాత కోట, దాన్ని ఆక్రమించిన దొంగలు, కింద లోయలో మనవాళ్ళు. "ఇప్పుడేం చేస్తారు?" అన్నాను, యుద్ధానికి సిద్ధపడి.

యుద్ధం ఎక్కడిది? పిల్లలను ఎవరు చూస్తారు, వండేదెవరు, కట్టెలెక్కడ, ముసలామె ఎవరి బండిలో వస్తుంది, ఇదే చర్చ. మా హైదరాబాదు వాళ్ళైతే ఈపాటికి కోట తగలబెట్టి ఉండేవాళ్ళు. నాకు అసహనం పెరుగుతోంది. వీళ్ళకు మాత్రం గుంపు ఎక్కడికి కదిలినా మొదటి పని గుడారాలే. డేరా పడందే మిగతా ఏదీ మొదలుకాదు.

"వాగు ఒడ్డుకే ఏద్దం," అంది కమల, "నీళ్ళు దగ్గరుంటయి."

"వాగు ఒడ్డుకు ఎవడన్న డేరా ఏస్తడా!" బాలయ్య కుర్చీలోంచి లేచి అరిచాడు. "పైన వాన పడ్తె మీకు తెల్వక ముందే నీళ్ళొస్తయి. మీదికి పోవాలె, గడ్డ మీదికి!"

నాకు లోలోపల పండగ. ఆట ఏమిటో ఎవరికి చెప్పాలో ఆ మనిషే ఆటలోకి వచ్చేశాడు! "సరే, పైన వాన మొదలైంది. గడ్డ మీదికి అందరినీ చేర్చాలి. పాచిక వెయ్యండి" అన్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆయన తరఫున ఎస్తేరమ్మ వేసింది. ఇరవై ముఖాల పాచిక మీద నాలుగు పడింది.

"నీళ్ళు ముందే వచ్చేశాయి," అన్నాను, నా చాతుర్యానికి మురిసిపోతూ. "మీలో ఒకరు కొట్టుకుపోయారు."

సునంద నా మోచేయి గట్టిగా పట్టుకుని చెవిలో చెప్పింది. "అక్కా, మా చిన్నాయన గట్లనే పోయిండు. వాగు పక్కపొంటి డేరాలు. బాలయ్య మామనే మేస్త్రీ."

నాలుక కరుచుకున్నాను. ఎస్తేరమ్మ భర్త. నాకేం తెలుసు అనుకోవడానికి కూడా మనసు రాలేదు. ఆట ఆపేద్దాం అన్నాను. వరద లేదు, వాన వెనక్కి పోయింది అన్నాను. బాలయ్య తువ్వాల భుజాన సర్దుకుని తలుపు వైపు తిరిగాడు. తాళమూ పోయింది, మర్యాదా పోయింది అనుకున్నాను.

"ఆపకు బిడ్డా," అంది ఎస్తేరమ్మ. ఆ గొంతు నేను ముందురోజు విన్న గొంతు కాదు. "అన్నా, పాచిక పడ్డది. ఇప్పుడేం జేస్తవు చెప్పు."

బాలయ్య అక్కడే నిలబడ్డాడు. మా వైపు తిరగకుండానే మాట్లాడాడు. "గప్పుడు ఊరంత నన్ను ఏం జేసినవని అడిగిండ్రు చెల్లె. పోలీసోళ్ళు అడిగిండ్రు, మీ అత్త అడిగింది. ఏం జేస్తవని ఒక్కలడగలే."

"నేను అడుగుతున్న గద."

ఆయన వచ్చి కుర్చీ బల్ల దగ్గరకు లాక్కున్నాడు. "తాడు తీస్త," అన్నాడు. "బండికి కట్టిన తాడు. ఒక కొస చెట్టుకు, ఒక కొస నా నడుముకు. కమలా, అలివేలూ, మీరు పట్టుకోవాలె."

"పట్టుకుంటం" అన్నారు ఇద్దరూ.

జూదంలో పాచిక పడితే మాట అయిపోతుంది. డబ్బు చేతులు మారుతుంది, లేచిపోతారు. ఇక్కడ పాచిక పడ్డాకే అడుగుతారు. నేను మూడు జిల్లాలు తిరిగి వెతికింది ఇదే, బయటికి మాత్రం అనలేదు. ఆ గదిలో నా నిర్వచనం ఎవరికీ అవసరం లేదు.

ఈసారి పాచిక ఆయనే వేశాడు. ముట్టనన్న సంగతి ఎవరూ గుర్తుచెయ్యలేదు. ఆరు. తాడు జారింది, మనిషి అందలేదు. అబద్ధం చెప్పి అందాడనేద్దామా అని నా నోటి దాకా వచ్చింది. ఎస్తేరమ్మ నా మొహం చూసి కనిపెట్టేసింది. "నువ్వియ్యకు బిడ్డా. పడ్డదే పడ్డది." మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "ఇప్పుడేం జేస్తవన్నా?"

"వాగెంబడి కిందికి పోత. దేవులాడుత. యాడన్న చెట్టుకు ఆగి ఉంటడు."

"నేను గూడ వస్త. గప్పుడు నన్ను రానియ్యలే. ఆడిదానివి, ఆడనే కూసో అన్నరు."

"రా చెల్లె" అన్నాడు బాలయ్య.

దానికి పాచిక అక్కర్లేదు. వాళ్ళిద్దరూ వాగు వెంట నడిచారు. ఒడ్డున ఏ చెట్లున్నాయో, ఎక్కడ రాళ్ళు జారతాయో వాళ్ళే చెప్పుకుంటున్నారు. నేను మధ్యమధ్యలో "తర్వాత?" అనడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఎస్తేరమ్మ భర్త పేరు పెట్టి పిలిచింది. బాలయ్య కూడా పిలిచాడు. కమల కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను, దాచుకోవడానికి ఏముంది.

సాయంత్రం ప్రార్థనకు హాలు కావాలని బయట జనం చేరారు. ఆట ఆపక తప్పలేదు. కుర్చీలు మడిచి గోడకు చేర్చాం. బాలయ్య మెట్లు దిగుతుంటే సునంద వెనకే వెళ్ళి, మాట ప్రకారం తాళంచెవి ఆయన ముందు చాచి పట్టుకుంది.

ఆయన దాన్ని చూశాడు గానీ చెయ్యి చాచలేదు.

"నీ తాననే ఉండని," అన్నాడు. "మేమింక వాగు కాడనే ఉన్నం గద."